కాలి మీద బంగారం పడ్డ రోజు

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరప్పుడు నాకు హనుమకొండ నుంచి వెళ్ళే స్పెషల్ బస్సులో డ్యూటీ పడింది. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలై అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. బస్సులో అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. ఆధార్ కార్డులు చూసుకుంటూ, జీరో టికెట్లు కొట్టుకుంటూ ఒక్కో సీటూ దాటుతున్నాను. తాడ్వాయి అడవిలో ఒక మలుపు దగ్గర బస్సు ఒరిగింది. పైన సామాన్లు పెట్టే చోట ఉన్న బెల్లం ముద్ద జారి వచ్చి నా కుడి కాలి మీద పడింది. సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లించే బెల్లాన్ని బంగారం అంటారు కదా. "అయ్యో బంగారం!" అని ఒక పెద్దమ్మ అరిచింది. నా గురించే అనుకుని "ఏం కాలేదమ్మా" అన్నాను. తీరా చూస్తే ఆమె ముద్ద పగిలిందేమోనని చూసుకుంటోంది.

ఏం కాలేదన్నాను గానీ కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. ఆ ముద్ద సరిగ్గా బొటనవేలి మొదట్లో, లోపలి వైపు ఉబికిన ఎముక మీద పడింది. ఆ ఉబ్బు అంతకు ఏడెనిమిదేళ్ళ ముందు నుంచే ఉంది. బూటు తొడిగిన రోజు ఎర్రబడేది, ఆదివారం ఇంట్లో ఉంటే తగ్గేది. నేను దాన్ని ఆనెకాయ అనుకునేదాన్ని. ఆనెకాయ అయితే చర్మం గట్టిపడుతుంది, గీరితే పొట్టు లేస్తుంది. ఇది గీరితే చర్మమే లేచింది, కింద రాయిలా ఎముక తగిలింది.

మా అమ్మ కాళ్ళకూ ఇలాగే ఉండేది. రెండు బొటనవేళ్ళూ పక్కవేళ్ళ మీదికి వాలిపోయి, చూడడానికి పక్షి పాదాల్లా ఉండేవి. చిన్నప్పుడు మేమంతా "అమ్మ వంకర వేలు" అని నవ్వేవాళ్ళం. ఆ నవ్వు ఇప్పుడు నా కాలికి వచ్చింది.

జాతర అయిపోయాక కూడా నొప్పి తగ్గలేదు. డిపోలో నేను కుంటుతుంటే చూసి ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చెప్పారు. "యూరిక్ యాసిడ్ అక్కా అది, మా బామ్మర్దికి గిట్లనే ఉండె. మటన్ బంద్ పెట్టు, పప్పు బంద్ పెట్టు, టమాట ముట్టకు" అన్నాడు ఒక డ్రైవరన్న. రెండు నెలలు మానేశాను. పప్పు లేకుండా, టమాట లేకుండా మా ఇంట్లో కూర ఎట్లా అవుతుందో ఆయన చెప్పలేదు. చివరికి రక్త పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 4.8 వచ్చింది, అంటే మామూలే. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే వాతం నొప్పి తీరు వేరని తర్వాత తెలిసింది. అది రాత్రికి రాత్రే అగ్గిలా వస్తుంది, వేలు ఎర్రగా కాలిపోతుంటుంది, దుప్పటి తగిలినా ఓర్వలేరు. నాకు వచ్చేది అలా కాదు. పొద్దున లేవగానే కాస్త బాగుండేది, మూడో ట్రిప్పుకు మొదలయ్యేది, బూటు విప్పితే సగం తగ్గేది. బూటు విప్పితే తగ్గే నొప్పికి మటన్ ఏం చేసిందో నేను అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

మా చిన్నత్త జిల్లేడాకు వెచ్చచేసి ఆముదం రాసి కట్టింది. పొద్దున విప్పేసరికి ఎముక ఎక్కడిదక్కడే ఉంది, దాని మీద చర్మం పొక్కింది. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి. వారం రోజులు చెప్పు కూడా తొడగలేకపోయాను. చిన్నత్త మనసు బాధపడుతుందని ఆమెకు మాత్రం "కొంచెం నయమే" అని చెప్పాను.

అప్పుడు గానీ ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. మొదట చూపించుకున్న చోట పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, బెల్లం పడ్డందుకు ఎముక విరగలేదని చెప్పి, నొప్పి గోలీలు రాసి పంపించారు. రెండో చోట డాక్టరు గారు ఆ ఫిల్ము పక్కన పెట్టి, నిలబడి మళ్ళీ తీయించుకురమ్మన్నారు. ఒళ్ళు బరువు పడ్డప్పుడే వేలు ఎంత వంగుతుందో కనిపిస్తుందట. పడుకుంటే పాదం మంచిదానిలా నటిస్తుంది.

"దీన్ని బనియన్ అంటారమ్మా" అన్నారాయన. నాకు తెలిసిన బనియన్ మా ఆయన వేసుకునేది ఒక్కటే. నవ్వు వచ్చింది, ఆయనకూ వచ్చింది, రోజూ ఈ నవ్వు చూస్తారేమో మరి. ఆ తర్వాత ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించారు. ఎముక పెరిగిందనే నేను అన్నాళ్ళూ అనుకున్నది. నిజానికి అక్కడ కొత్తగా పెరిగింది పెద్దగా ఏమీ లేదు. బొటనవేలి వెనక ఉండే పొడుగు ఎముక లోపలి వైపుకు, అంటే రెండో పాదం వైపుకు జరుగుతుంది. వేలేమో పక్కవేలి వైపుకు వాలుతుంది. ఆ రెండూ కలిసే కీలు మోచేయిలా బయటికి పొడుచుకొస్తుంది. దాని మీద చర్మం కింద చిన్న నీటి సంచిలాంటిది ఉంటుంది. చెప్పు రుద్దుకుంటే అది వాస్తుంది. మంట పుట్టేది ఎక్కువగా అక్కడే. వేలు వాలిన కోణం 15 డిగ్రీల లోపు ఉంటే మామూలు, 40 దాటితే బాగా ముదిరినట్టు. నాది కుడి కాలికి 28, ఎడమ కాలికి 19.

"బూట్ల వల్లనే వచ్చిందా సార్" అని అడిగాను. పుట్టుకతో వచ్చే పాదం తీరు ఒకటి ఉంటుందని, ఇరుకు చెప్పులు దాన్ని తొందరపెడతాయని చెప్పారు. మా అమ్మ జీవితమంతా పొలంలో వట్టి కాళ్ళతో నాట్లేసింది, నలభై ఏళ్ళు వచ్చేదాకా చెప్పు ఎరగదు. అయినా ఆమెకు వచ్చింది. మా పెద్ద బిడ్డ ఇది విని ఫోన్‌లో వెతికి ఒక సంగతి చదివి వినిపించింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ దగ్గర పాత శ్మశానాల్లో దొరికిన 177 అస్థిపంజరాలను పరిశీలించి 2021లో ఆ వివరాలు ప్రచురించారట. 11 నుంచి 13వ శతాబ్దం దాకా బతికినవాళ్ళలో నూటికి ఆరుగురికే ఈ వంకర ఉంది. 14, 15 శతాబ్దాల వాళ్ళలో నూటికి 27 మందికి. మధ్యలో ఏం జరిగిందంటే ముందు మొన తేలిన బూట్ల ఫ్యాషన్ వచ్చింది. డబ్బున్నవాళ్ళలో, మఠాల్లో ఉండే సన్యాసుల్లో ఎక్కువట. సన్యాసులకు కూడా ఫ్యాషనా అని మా ఆయన ముక్కున వేలేసుకున్నాడు. నాకు మాత్రం ఫ్యాషన్‌కు ముందు కూడా ఉన్న ఆ ఆరుగురు గుర్తుండిపోయారు. వాళ్ళు మా అమ్మ బాపతు.

డాక్టరు గారు చెప్పిన వాటిలో నాకు మింగుడుపడనిది ఒకటి ఉంది. పెద్దవాళ్ళలో ఈ వేలు పట్టీలతో, పరికరాలతో మళ్ళీ తిన్నగా అవదు. నొప్పి తగ్గించుకోవచ్చు, ముదరకుండా జాగ్రత్తపడవచ్చు, అంతే. ఆ మాట నమ్మబుద్ధి కాక ఆన్‌లైన్‌లో రాత్రి పూట కట్టుకునే పట్టీ తెప్పించాను. ఫొటోలో ముందు వంకర కాలు, పక్కన తిన్నని కాలు. పాతకాలం టార్చిలైటంత ఉంది అది. దాన్ని కట్టుకుని పడుకుంటే రాత్రి బాత్రూమ్‌కు లేవాలంటే భయం. పొద్దున విప్పగానే వేలు తిన్నగానే ఉండేది, చాయ్ తాగి గ్లాసు కడిగేలోపు మళ్ళీ పాత దారికి వచ్చేది. మూడు నెలలు చూసి అటక మీద పడేశాను. కట్టుకుంటే రాత్రి సుఖంగా ఉందనేవాళ్ళు కట్టుకోండి, తప్పులేదు. తిన్నగా అవుతుందని మాత్రం పైసలు పెట్టకండి.

వేళ్ళ మధ్య పెట్టుకునే మెత్తటి సిలికాన్ ముక్క మాత్రం పనికొచ్చింది. మెడికల్ షాపులో దొరుకుతుంది. అది కూడా వేలిని మార్చదు, రెండు వేళ్ళు ఒరుసుకోకుండా ఆపుతుంది. వెడల్పు చెప్పులోనే పెట్టుకోవాలి. ఇరుకు బూటులో పెట్టుకుంటే ఉన్న చోటు కూడా అది తినేసి, నొప్పి రెట్టింపవుతుంది. ఇంకోటి, ఉబ్బు మీద అంటించే మెత్త. నేను మొదట దూదిని సరిగ్గా ఎముక మీదే పెట్టి కట్టేదాన్ని, ఇంకా నొక్కుకునేది. మెత్తను సకినం లాగ గుండ్రంగా కోసి, మధ్యలో బొక్క చేసి, ఎముక ఆ బొక్కలోకి వచ్చేటట్టు అంటించాలని ఫిజియోథెరపీ అమ్మాయి చూపించింది. అప్పుడు బూటు ఒత్తిడి చుట్టూ పడుతుంది, ఎముక మీద పడదు. ఇరవై రూపాయల పని.

అసలు నొప్పి తగ్గింది చెప్పులు మార్చాకే. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నేను ఇక్కడ తప్పు మీద తప్పు చేశాను. బూటు బిగుతుగా ఉందని 6వ నంబరు నుంచి 7కు వెళ్ళాను. పొడుగు పెరిగింది, మడమ దగ్గర బూటు జారడం మొదలైంది. జారకుండా పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకునేదాన్ని, దాంతో నొప్పి ఇంకా పెరిగింది. నాకు కావాల్సింది వెడల్పు. ఇంట్లో తొడిగే హవాయి చెప్పులదీ అదే కథ, వెనక పట్టీ లేక నడిచినంత సేపూ వేళ్ళు వాటిని పట్టుకునే ఉంటాయి.

ఇప్పుడు నేను చేసేది ఇది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక, కాలు ఉబ్బి ఉన్నప్పుడే, నేల మీద పేపరు పరిచి నిలబడతాను. కూర్చుంటే కుదరదు, బరువు పడాలి. మా ఆయన పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీస్తాడు. (గిలిగింతలు పెడతాడు, అది వేరే సంగతి.) ఆ పాదాన్ని కత్తిరించి సంచిలో వేసుకుని షాపుకు వెళ్తాను. చెప్పు అయితే దాని మీద పరిచి చూస్తాను. కాగితం పక్కకు బయటికి వచ్చిందా, ఆ చెప్పు నాది కాదు. బూటు అయితే లోపలికి దూర్చి చూస్తాను, పక్కన మడత పడితే తిరిగి ఇచ్చేస్తాను. ముందు వేలికీ బూటు కొసకూ మధ్య చేతి బొటనవేలు పట్టేంత చోటుండాలి. మడమ ఎత్తు తక్కువ, అట్ట మరీ పల్చన కాకూడదు, పై భాగం మెత్తగా ఉండాలి, ఉబ్బు మీదుగా కుట్టు పోకూడదు. ఆ కుట్టు సంగతి ఎవరూ చెప్పరు, రంపంలా కోస్తుంది.

హనుమకొండలో మొదటిసారి ఆ కాగితం పాదం తీస్తే షాపు పిల్లగాడు పక్కవాణ్ణి పిలిచి మరీ నవ్వాడు. లేడీస్ వైపు ఉన్న జతలన్నీ తిరగేసినా ఒక్కదానిలో కాగితం పట్టలేదు. చివరికి జెంట్స్ వైపు వెళ్తే నల్ల శాండల్ ఒకటి, వెనక పట్టీ ఉన్నది, హాయిగా పట్టింది. మగవాళ్ళ చెప్పులు వెడల్పుగానే చేస్తారు. మా చిన్న బిడ్డ "డాడీ చెప్పులు ఏసుకున్నవేందమ్మా" అంది. ఖాకీ కింద అవి ఎవరికీ కనబడవు, కనబడినా నాకు నష్టం లేదు.

పాత తోలు బూట్లు పారేయబుద్ధి కాలేదు. బస్టాండు బయట చెప్పులు కుట్టే తాతకు చూపించాను. ఆయన ఎముక ఉన్న చోట సుద్దతో గుర్తు పెట్టి, తోలు తడిపి, లోపల చెక్క అచ్చు బిగించి రెండు రోజులు ఉంచాడు. సరిగ్గా ఆ చోట గుంటలా సాగింది. రెక్సిన్ బూట్లు సాగవని, తోలువైతేనే తెమ్మని చెప్పాడు. నా పాదం చూసి "మీ అమ్మకూ ఉండెనా" అని ఆయనే అడిగాడు. ఎక్స్‌రే కూడా అడగలేదు.

మట్టెల విషయం చెప్పకుండా పోతే ఈ కథ సగమే. పెళ్ళప్పుడు పెట్టిన మూడు చుట్ల వెండి మట్టెలు నావి. బొటనవేలు వాలి వాలి పక్కవేలును నొక్కితే మధ్యలో మట్టె కోసుకుపోయేది, సాయంత్రానికి వేలు నల్లబడేది. తీసేస్తానంటే అత్తమ్మ మూడు రోజులు సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు ఆమే నా కాలు ఒళ్ళో పెట్టుకుని చూసి, "పొయ్యి సన్నవి చేయించుకో బిడ్డా" అంది. అవుసులాయన అదే వెండితో సన్నటి తీగలాంటి మట్టెలు చేసిచ్చాడు. మిగిలిన వెండితో మనవరాలికి గజ్జెలు చేయించాలని అత్తమ్మ అప్పుడే లెక్క కట్టేసింది.

నొప్పి బాగా ఉన్న రోజు ఇంటికి రాగానే చేసే పని, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసా తువ్వాలలో చుట్టి ఉబ్బుకు ఆనించడం. పదిహేను నిమిషాలు, టీవీలో ఒక సీరియల్ సగం. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వను. గోలీలు రోజూ మింగే అలవాటు పెట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. నాకు బీపీ ఉంది. వాపు తగ్గించే గోలీలు బీపీని పెంచుతాయి, కడుపును, కిడ్నీలను కూడా పాడుచేస్తాయి. అందుకని మరీ తప్పనప్పుడు పారాసెటమాల్, లేదంటే పైన రాసే జెల్.

ఫిజియో అమ్మాయి చెప్పిన కసరత్తులు ఇంట్లో చేయడం నా వల్ల కాలేదు. ఇంట్లో నా కాళ్ళు ఒక చోట ఎప్పుడుంటాయి గనుక. బస్సు ములుగులో ఆగి డ్రైవరన్న చాయ్‌కు దిగినప్పుడు కండక్టర్ సీట్లో కూర్చుని చెప్పు విప్పి చేస్తాను. వేళ్ళన్నీ విసనకర్రలా విప్పడం. బొటనవేలు ఒక్కటే పైకి లేపి మిగతా నాలుగూ కింద ఉంచడం. మొదటి వారం నా మాట ఒక్క వేలూ వినలేదు, చెయ్యి పెట్టి లేపాల్సి వచ్చింది. వేళ్ళు ముడవకుండా అరికాలి మధ్య భాగాన్ని మాత్రం పైకి దగ్గరకు లాక్కోవడం. ఒక్కోటి పదిసార్లు. దిగాక బస్సుకే చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు నొక్కి పిక్క సాగదీయడం. పిక్క బిగుసుకుంటే బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుందట. బస్సును నెడుతున్నాననుకుని ఒకసారి ఇద్దరు పిల్లలు సాయం వచ్చారు.

నిలబడే తీరు కూడా మార్చాను. ఇదివరకు కుడికాలు నడవలో ఉండేది, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ దాన్నే తొక్కేవాళ్ళు. ఇప్పుడు నడుము సీటు కమ్మీకి ఆనించి, కుడి పాదం సీటు కిందికి దాచి టికెట్ కొడతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ తెలివి ఇప్పుడు వచ్చింది.

బతుకమ్మ తొమ్మిది రోజులూ నాకు పరీక్షే. వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మకు వట్టి కాళ్ళతో రెండు గంటలు తిరిగితే వేళ్ళకు కావాల్సినంత చోటు ఉంటుంది గానీ, గట్టి నేల మీద ముందుపాదం మండిపోతుంది. మొదటి రోజు, సద్దుల రోజు మాత్రం వట్టి కాళ్ళతో ఆడతాను, మిగతా రోజుల్లో మా వాకిట్లో ఆ జెంట్స్ శాండల్‌తోనే. ఎవరూ ఏమీ అనలేదు. గౌరమ్మ కూడా.

ఆపరేషన్ గురించి అడిగాను. ఎముకను కోసి, సరైన చోటుకు జరిపి, స్క్రూలు బిగిస్తారు. సుమారు ఆరు వారాలు ప్రత్యేకమైన చెప్పుతో జాగ్రత్తగా నడవాలి, వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. కొందరికి వేలు మళ్ళీ వాలవచ్చు కూడా. చూడడానికి బాగాలేదని చేయించుకోవద్దని, చెప్పులు మార్చి, ఇవన్నీ చేసినా రోజు పని ఆగిపోయేంత నొప్పి ఉంటే అప్పుడు రమ్మని డాక్టరు గారు అన్నారు. నా పని ఆగడం లేదు. కోణం మళ్ళీ చూడడానికి ఏడాదికోసారి నిలబడి ఎక్స్‌రే తీయించుకుంటున్నాను, ఈసారీ 28 దగ్గరే ఉంది. మా అక్క కూతురికి ఇరవై రెండు, దాని వేలు అప్పుడే వాలడం మొదలైంది. పెళ్ళి రిసెప్షన్‌కు సూది మడమల చెప్పులు కొన్నది. నేను ఆ ఒక్క రాత్రికి ఏమీ అనలేదు గానీ, మర్నాడు పేపరూ పెన్సిలూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

షుగర్ ఉన్నవాళ్ళకు మాత్రం నా చిట్కాలేవీ చెప్పను. మా అమ్మకు షుగర్ వచ్చి పాదాలు మొద్దుబారాయి. ఆ ఉబ్బు మీద చెప్పు ఒరిసి పుండు పడితే ఆమెకు నొప్పే తెలియలేదు, మేము చూసేసరికి చీము పట్టింది. మానడానికి నాలుగు నెలలు పట్టింది. అలాంటివాళ్ళు ఐసు పెట్టుకోవడం, ఆనెకాయల మందు పట్టీలు అంటించుకోవడం, బ్లేడుతో గీరుకోవడం ఇవేవీ చేయకుండా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. రోజూ రాత్రి ఎవరైనా వాళ్ళ పాదాలు వెలుతురులో చూడాలి. మా అమ్మవి నేను చూసేదాన్ని, వారం ఆఫ్ ఉన్న రోజు మాత్రమే. మిగతా ఆరు రోజులు ఎవరూ చూడలేదు.

2026 జనవరి చివర్లో మళ్ళీ జాతర వచ్చింది, మళ్ళీ డ్యూటీ పడింది. వెడల్పు శాండల్, సకినం మెత్తలు నాలుగు, జెల్ ట్యూబు సంచిలో వేసుకుని ఎక్కాను. బస్సు కదలకముందే పైన ఉన్న బంగారం అంతా కిందికి దింపించి, ఎవరిది వాళ్ళ ఒళ్ళో పెట్టించాను. "ఎందుకమ్మా" అని ఒకాయన గులిగాడు. కాలు చూపించాను.